బండి రిపేరుకు యాప్ లోన్ ఎందుకండీ?

ప్రశ్న: నంద్యాలలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. జీతం చేతికి 38 వేలు. ఇద్దరు పిల్లలు. 14 ఏళ్ల బొలెరో ఉంది, 2 లక్షల 60 వేల కిలోమీటర్లు తిరిగింది. వెనక ఎడమ చక్రం దగ్గర హోరుమని శబ్దం వస్తోంది, డ్రమ్ము లోపల్నుంచి ఆయిల్ కారుతోంది. యాక్సిల్ పని చేయాలి, మొత్తం 24 వేలు అవుతుందన్నాడు మెకానిక్. అందులో లేబరే 7 వేలు. మా బావమరిది దగ్గర పానాలు, జాకీ ఉన్నాయి. ఇంటి ముందే మేమిద్దరం విప్పుకుంటే లేబర్ మిగులుతుంది కదా. సామాన్లకు ఒక లోన్ యాప్ 15 వేలు ఇస్తానంటోంది. ఫీజులు పోను చేతికి 13,200 వస్తుంది, నెలకు 5,900 చొప్పున మూడు కంతులు. బ్యాంకులో 6 వేలే ఉన్నాయి. నెలకు 5,000 చీటీ, మ్యూచువల్ ఫండ్‌లో 2,000 సిప్ నడుస్తున్నాయి. సిప్ విలువ ఇప్పుడు 46 వేలు. నా ఆలోచన సరైనదేనా?

జవాబు: సరైనది కాదండీ. మీ ఒక్కరి కోసమే అయితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునేవాణ్ని. కానీ పాత బండి ఉన్న చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. చీటీ ఉంటుంది, సిప్ ఉంటుంది, అవసరానికి తీయడానికి మాత్రం రూపాయి ఉండదు. దాంతో బండి ఆగిన రోజు చేయి నేరుగా ఫోన్‌లోని లోన్ యాప్ మీదికి పోతుంది.

ముందు ఆ అప్పు సంగతి చూద్దాం. మీ చేతికొచ్చేది 13,200. మీరు కట్టేది 17,700. అంటే మూడు నెలలకు 4,500 అదనం. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి లెక్క కడితే, ఇది నూటికి నెలకు 16 రూపాయల వడ్డీ. మీ వీధిలో ఎవరైనా పది రూపాయల వడ్డీకి ఇస్తానంటే, ఆ గుమ్మం ముందు నిలబడతారా మీరు? మరి ఇంతకంటే ఎక్కువ వడ్డీకి ఫోన్‌లో ఒక్క నొక్కుతో ఎలా ఒప్పుకుంటారు? రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, అప్పు ఇచ్చే ముందు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటును మీకు ఒక పత్రంలో చూపించాలి. కంతు ఎంతో చూసి సరిపెట్టుకోకుండా, ఆ పత్రం తెరిచి ఆ ఒక్క అంకె చూడండి.

లేబర్‌లో మిగుల్చుకోవాలనుకున్నది 7 వేలు. అందులో 4,500 వడ్డీకే పోతే ఎండలో మీరిద్దరూ పడే కష్టానికి మిగిలేది 2,500. అదీ పూర్తిగా మిగలదు. ఇలాంటి యాక్సిళ్లలో బేరింగ్ షాఫ్ట్ మీద బిగుతుగా ఎక్కించి ఉంటుంది. దాన్ని తీయడానికీ ఎక్కించడానికీ ప్రెస్, అంటే గట్టిగా నొక్కే యంత్రం, కావాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే కొత్త బేరింగ్ కూడా త్వరలోనే హోరు మొదలుపెడుతుంది. అందుకని షాఫ్ట్ ఎలాగూ లేత్ షాపుకు మోయాల్సిందే. యాక్సిలేటర్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు శబ్దం మారుతోందంటే అనుమానం క్రౌన్ పినియన్ మీద, అంటే యాక్సిల్ మధ్యలో ఉండే పళ్ల చక్రాల మీద. ఆ సెట్టింగ్ ఇంటి ముందు చేసే పని కాదు.

నాకు అసలు భయం ఆ జాకీ గురించి. వెనక చక్రాలు లేపితే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే, ఎందుకంటే అది పట్టేది ఆ చక్రాలనే. గేర్‌లో పెట్టినా బండి ఆగదు. నేల మీద ఉన్న ముందు చక్రాలు కాస్త వాలు దొరికితే కదులుతాయి, జాకీ ఒరిగిపోతుంది. ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డుదిమ్మలు పెట్టకుండా, యాక్సిల్ కింద గట్టి స్టాండ్లు లేకుండా, ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి తల పెట్టకండి. ఇద్దరు పిల్లల తండ్రి మీరు. ఆయిల్ తడిసిన బ్రేక్ షూలు పట్టవు, వాటిని మార్చేదాకా ఆ బండి రోడ్డెక్కించకండి. యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే సన్న దారిని బ్రీదర్ అంటారు. అది మూసుకుపోతే ఆయిల్‌ను ఆపే కొత్త సీల్ కూడా కారుతుంది. దాన్ని శుభ్రం చేయమని మెకానిక్‌కు మరీ మరీ చెప్పండి.

ఇక డబ్బు ఎక్కడిది? మీ సిప్‌లోనే ఉంది. సిప్ ముట్టుకోకూడదని ఎవరో చెప్పి ఉంటారు. సరదాలకు ముట్టుకోకూడదన్న మాట నిజమే. కానీ నెలకు 16 శాతం వడ్డీ కట్టి మరీ కాపాడుకోవాల్సిన మ్యూచువల్ ఫండ్ ఏదీ లేదు. ఆ 46 వేలూ తీసేయండి. మూడు పనిదినాల్లో ఖాతాలో పడతాయి. ఏడాది నిండని యూనిట్ల మీద కొంచెం ఎగ్జిట్ లోడ్, అంటే ముందే తీసినందుకు కోసుకునే రుసుము, పడొచ్చు, పడనివ్వండి. 24 వేలు మెకానిక్‌కు ఇవ్వండి. మిగిలిన 22 వేలు, బ్యాంకులోని 6 వేలు కలిపి 28 వేలు వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాకు యూపీఐ కలపొద్దు, ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉంచండి.

చీటీ, సిప్ పోను మీ ఇంటి ఖర్చు నెలకు 31 వేలు. ఆ 28 వేలు ఒక్క నెల ఖర్చుకు కూడా సరిపోవు. నాలుగు నెలల ఖర్చు, అంటే 1,24,000 పోగయ్యేదాకా సిప్ ఆపేసి ఆ 2,000 ఇందులోనే వేయండి. చీటీ మధ్యలో ఆపొద్దు. అవసరం లేకుండా తొందరపడి పాట పాడొద్దు. డబ్బు చేతికొచ్చాక టీవీ, కొత్త ఫోన్ అని ఇంట్లో ఎవరన్నా ఒప్పుకోకండి, మొత్తం ఈ ఖాతాకే పోవాలి. రేపు జీతం రెండు నెలలు ఆగినా, పిల్లాడికి జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా అక్కరకొచ్చేది ఇదే.

బండి సంగతి వేరు. రెండున్నర లక్షల కిలోమీటర్లు దాటిన బండికి రిపేరు రావడం అనుకోని ఖర్చు కాదు, దసరాకు బట్టలు కొన్నట్టు ముందే తెలిసిన ఖర్చు. ఈసారి యాక్సిల్, తర్వాత క్లచ్, టైర్లు. 15 ఏళ్లు నిండగానే ఆర్‌సీ రెన్యువల్ ఫీజు, ఫిట్‌నెస్ తనిఖీ, గ్రీన్ ట్యాక్స్. అరుగుదలకు, మెకానికల్ రిపేర్లకు బండి ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. అందుకే చీటీ అయిపోయాక ఆ 5,000లో 1,500 ప్రతి నెలా బండి పేరుతో విడిగా తీయండి.

బంగారం కుదువ పెట్టడం ఈ యాప్ కంటే నయమే గానీ, సొంత డబ్బు ఉండగా అదీ అక్కర్లేదు. క్రెడిట్ కార్డు మీద నగదు తీయడం అసలొద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ. బండి వాడకం తక్కువైతే, రిపేరు చేయించాక అమ్మే సంగతి కూడా ఇంట్లో మాట్లాడుకోండి.

సోమవారం సిప్ డబ్బు కోసం రిక్వెస్ట్ పెట్టండి. అది వచ్చేలోగా మెకానిక్‌ను సామాన్ల పట్టీ విడివిడిగా రాసిమ్మనండి, బేరింగ్, సీల్, షూలు, ఆయిల్ దేనికెంతో. పాత సామాన్లు మీకు తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి.