గ్రీన్ బిల్డింగ్ ఎలక్ట్రికల్ డిజైన్: ముందు డిస్ట్రిబ్యూషన్ బోర్డులు (డీబీలు) విడదీయి

చిరంజీవికి ఆశీస్సులు.

గ్రీన్ సర్టిఫికేషన్‌కి వెళ్లే ఆఫీసు బిల్డింగ్ నీ చేతికి వచ్చిందన్నావు. ఆ మాట వినగానే అందరి చూపూ పైకప్పు మీది సోలార్ వైపు పోతుంది. నువ్వు మాత్రం ముందు సింగిల్ లైన్ డయాగ్రం (కరెంటు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే పటం) తీసి బల్ల మీద పరుచుకో. పాయింట్లు పోయేది ఎక్కువగా అక్కడే.

లీడ్ (LEED) అనే గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ వెర్షన్ 4లో అడ్వాన్స్‌డ్ మీటరింగ్ పాయింటు కావాలంటే, ఏడాది వాడకంలో 10 శాతం, అంతకు మించి లాగే ప్రతి వాడకం పద్దుకీ (లైటింగ్, ఏసీ లాంటివి) విడి మీటరుండాలి. గంటకు లేదా అంతకన్నా తక్కువ వ్యవధికి ఒకసారి రీడింగు నమోదవ్వాలి, యూనిట్లతో పాటు డిమాండ్ (కిలోవాట్ల లోడు) కూడా తెలియాలి, 36 నెలల డేటా నిలవ ఉండాలి. మీటర్లు కొనడం ఎంతసేపు? ఫ్లోర్ డీబీలో లైట్లు, సాకెట్లు, ఏసీ యూనిట్లు ఒకే బస్‌బార్ (కరెంటు పంచే లోహపు పట్టీ) మీద కలిసి ఉంటే ఆ మీటరు దేన్ని కొలిచినట్టు? కట్టేశాక విడదీద్దామంటే రైజర్‌లో (కేబుళ్లు అంతస్తుల మధ్య నిలువుగా వెళ్లే దారిలో) చోటుండదు. అందుకే ప్రతి అంతస్తులో లైటింగ్, పవర్, ఏసీ డీబీలను మొదటి గీతలోనే వేరు చెయ్యి. మూడింటికి చోటు లేదంటే, ఒకే డీబీలో బస్‌బార్‌ని ముక్కలు చేసి ముక్కకొక ఇన్‌కమర్ (లోపలికొచ్చే మెయిన్ స్విచ్చి), సీటీలు (మీటరు కోసం కరెంటును తగ్గించి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) పెట్టు.

మీటర్లు పెట్టాక అసలు తంటా సీటీలతో వస్తుంది. 200/5 సీటీ (200 ఆంపియర్లకు 5 ఇచ్చేది) బిగించి మీటర్లో 100/5 అని పెడితే రీడింగు సగమే వస్తుంది. లోడు మూడు ఫేజుల్లో సమంగా ఉన్నప్పుడు ఒక సీటీ తిరగబడితే మీటరు మూడో వంతే చూపిస్తుంది. రెండు సీటీలు ఫేజులు మారితే దాదాపు సున్నా! లోడు నడుస్తున్నా యూనిట్లు కదలకపోతే మీటరుని తిట్టకు, ముందు సీటీ తీగలు వెతుకు. లోడు మీద ఉండగా మాత్రం సీటీ సెకండరీని ఊడదీయకు, ముందు షార్ట్ చెయ్యి. లేకపోతే అక్కడ ప్రాణాంతకమైన వోల్టేజి పుడుతుంది. మెయిన్ మీటరునీ సబ్ మీటర్ల మొత్తాన్నీ ఒక రోజంతా పక్కపక్కన పెట్టి చూడకుండా కమిషనింగ్ కాగితం మీద సంతకం చేయకు.

లైటింగ్‌కి వద్దాం. ఇంధన పొదుపు ప్రమాణం ఆష్రే 90.1, 2010 ప్రకారం ఆఫీసుకి చదరపు మీటరుకి సుమారు 9.7 వాట్లే హద్దు. వాటుకి 120 ల్యూమెన్లిచ్చే ఫిట్టింగుతో, యుటిలైజేషన్, మెయింటెనెన్స్ ఫ్యాక్టర్లు (బల్ల దాకా చేరే వెలుగు వంతు, పాతబడ్డాక మిగిలే వంతు) రెండూ గుణిస్తే 0.65 అనుకుంటే, 500 లక్స్‌కి 6.4 వాట్లు సరిపోతాయి. ఈ లెక్కలో డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటిచ్చే పరికరం) తినే వాట్లు కూడా కలవాలి, కేటలాగులో చిప్ వాట్లు చూసి మోసపోవద్దు. కిటికీకి సమాంతరంగా ఉన్న వరసలను వేరే సర్క్యూట్ మీద వెయ్యి. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, లోపలికి అంత దూరం వరకు పగటి వెలుగు జోన్. కిటికీకి లంబంగా సర్క్యూట్లు గీస్తే డేలైట్ సెన్సర్ పెట్టీ లాభం లేదు.

ఇదే ప్రమాణంలోని సాకెట్ల నిబంధన చాలామంది చివరిదాకా చూడరు. ప్రైవేటు ఆఫీసుల్లాంటి గదుల్లో సగం సాకెట్లు టైమర్‌తోనో సెన్సర్‌తోనో వాటంతటవే ఆగిపోవాలి. వాటిని వేరే సర్క్యూట్ మీద వేసి, పైన గుర్తు పెట్టించు. గుర్తు లేకపోతే ఎవరో కంప్యూటర్ అందులో గుచ్చుతారు, అది ఆగిపోతుంది, మర్నాటికల్లా ఎలక్ట్రీషియన్ ఆ సర్క్యూట్‌ని ఆపే కాంటాక్టర్‌ని (స్విచ్చిని) బైపాస్ చేసి వెళ్తాడు.

వోల్టేజి డ్రాప్ ఫీడర్‌లో (మెయిన్ నుంచి డీబీ దాకా) 2 శాతం, బ్రాంచిలో (డీబీ నుంచి లోడు దాకా) 3 శాతం దాటనీయకు. ట్రాన్స్‌ఫార్మర్‌కి నో-లోడ్ నష్టం (లోడు లేకున్నా పోయే కరెంటు) ముందు చూడు. ఒక్క కిలోవాటు ఎక్కువైనా ఏడాదికి 8760 యూనిట్లు.

ఇక సోలార్. 300 కిలోవాట్ల లోడు 0.9 పవర్ ఫ్యాక్టర్‌తో నడిస్తే సుమారు 145 కేవీఏఆర్ రియాక్టివ్ పవర్ (పని చేయకుండా అటూ ఇటూ తిరిగేది) లాగుతుంది. సోలార్ 200 కిలోవాట్లు ఇచ్చిందనుకో, గ్రిడ్ నుంచి వచ్చేది 100 కిలోవాట్లే, కేవీఏఆర్ మాత్రం ఆ 145 అలాగే ఉంటుంది. మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.57కి పడిపోతుంది. కాబట్టి ఇన్వర్టర్‌తో రియాక్టివ్ ఇప్పించు, లేదా కెపాసిటర్ కంట్రోలర్ సీటీని సోలార్ కలిసే చోటుకి గ్రిడ్ వైపున పెట్టు. వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు), ఎల్‌ఈడీలు నిండిన చోట ఉత్త కెపాసిటర్లు పెడితే హార్మోనిక్స్‌తో (50 హెర్ట్జ్‌కి గుణిజాలైన అదనపు తరంగాలతో) రెజొనెన్స్ వచ్చి ఉబ్బిపోతాయి. కెపాసిటర్‌తో వరసలో 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్ (కాయిల్) వేస్తే 50 హెర్ట్జ్ సిస్టంలో ట్యూనింగ్ 189 హెర్ట్జ్ దగ్గర, అంటే ఐదో హార్మోనిక్‌కి (250 హెర్ట్జ్) కింద పడుతుంది.

లోడ్ షెడ్యూల్ తయారవగానే పంపు. డీబీల విభజన దగ్గర్నుంచే చూద్దాం.