పంక్చరు వేసుకోవడం నేర్చుకున్నాకే ఎస్టీపీకి బయలుదేరండి

అమెరికాలో సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్ వచ్చి ఎనిమిది నెలలైన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, జూలైలో సియాటిల్ నుంచి పోర్ట్‌లాండ్ సైకిల్ రైడ్‌కి డబ్బు కట్టేశాను. దారిలో తిండి, రిపేరు, సామాను అన్నీ వాళ్ళే చూసుకుంటారట కదా. ఇంక తొక్కడం ప్రాక్టీసు చేస్తే చాలా?"

చాలదు. మొదటి ఏడాది నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఈ సియాటిల్ టు పోర్ట్‌లాండ్ రైడ్‌నే పొట్టిగా ఎస్టీపీ అంటారు. 1979లో మొదలైంది. నడిపేది కాస్కేడ్ బైసికిల్ క్లబ్. దూరం 206 మైళ్ళు, అంటే దాదాపు 330 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా గుంటూరు చేరినా ఇంకా కొంత మిగిలే దూరం. ఒక్క రోజులో తొక్కేసేవాళ్ళు ఉన్నారు. మనవాళ్ళు ఎక్కువగా సగం దారిలో సెంట్రేలియాలోనో ఆ చుట్టుపక్కలో రాత్రి పడుకుని రెండో రోజు పోర్ట్‌లాండ్ చేరతారు. వేలమంది తొక్కే రైడ్ ఇది.

ఇంతకీ "వాళ్ళే చూసుకుంటారు" అన్నారే, ఆ వాళ్ళు ఎవరు? క్లబ్బులో జీతానికి పనిచేసేవాళ్ళు కొద్దిమందే. అరటిపళ్ళు అందించే ఆవిడ, లారీలోంచి మీ బ్యాగు దించే కాలేజీ కుర్రాడు, మోటార్ సైకిల్ మీద ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఆగిపోయినవాళ్ళను పలకరించే పెద్దాయన, వీళ్ళలో ఎక్కువమంది వాలంటీర్లు. వారమంతా వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళు చేసుకుని, శని ఆదివారాలు మనకిచ్చినవాళ్ళు. మనం కట్టిన ఫీజులో జీతం కింద వాళ్ళకు ఒక్క డాలరు కూడా వెళ్ళదు. తిరుమలలో శ్రీవారి సేవకులు పాలు, అన్నప్రసాదం అందిస్తుంటే అది డ్యూటీ కాదు, సేవ అని మనకు చూడగానే తెలుస్తుంది. ఇక్కడ ఆ కండువా ఉండదు. పని మాత్రం అదే.

నా సంగతి చెబుతాను. ఆ ఏడాది యెల్మ్ దాటి టెనైనో వైపు వెళ్తుంటే వెనక టైరు కూర్చుంది. నా దగ్గర ట్యూబు లేదు, పంపు లేదు, ఉన్నా వేసుకోవడం రాదు. మన ఊళ్ళలో సందు చివర పంక్చరు షాపు ఉంటుంది. నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి, బుడగలు వచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి ప్యాచ్ వేస్తుంటే పక్కన నిలబడి చూడటమే మనకు అలవాటు. ఆ రోడ్డు మీద షాపు ఎక్కడుంది? సైకిల్ తలకిందులుగా పెట్టి నిలబడ్డాను.

పది నిమిషాలకు మోటార్ సైకిల్ మీద ఒక పెద్దాయన వచ్చి ఆగాడు. డెబ్భై ఏళ్ళుంటాయేమో. ఏమీ అనకుండా కంకర మీద మోకాళ్ళూని కూర్చుని, తన పెట్టెలోంచి ట్యూబు తీసి మొదలుపెట్టాడు. టైరు సగం ఎక్కించాక ఆయన రేడియో మోగింది. ముందు మైళ్ళలో ఎవరో కింద పడ్డారు, దగ్గర్లో ఎవరైనా ఉన్నారా అని. ఆయన టైరు వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు. "రెండు నిమిషాల్లో బయలుదేరుతున్నా" అని చెప్పి చేతులు వేగం చేశాడు. పంపు నా చేతికిచ్చి, థాంక్స్ చెప్పేలోపే వెళ్ళిపోయాడు. పడినావిడ దగ్గరికి ఈలోపు ఇంకొకరు చేరారని తర్వాతి స్టాపులో తెలిసింది. అయినా ఆ రెండు నిమిషాలు నావి కావు. ఆవిడవి. అది ఈరోజుకీ మనసులో ఉంది.

తమ్ముడికి నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ పని మీరు చేసుకోగలిగితే వాలంటీరు చేతులు నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళకు దొరుకుతాయి. థాంక్స్ చెప్పడంకన్నా ముందు చేయాల్సిన పని అది.

కాబట్టి సీటు కింద చిన్న సంచిలో రెండు ట్యూబులు, టైరు అంచు పైకి లేపే రెండు టైరు లివర్లు, చిన్న పంపు, బోల్టులు విప్పే అలెన్ కీల సెట్టు పెట్టుకోండి. ట్యూబు సైజు టైరు పక్కన రాసి ఉంటుంది, చూసి కొనండి. పాత ట్యూబు తీశాక చాలామంది చేసే తప్పు, వెంటనే కొత్తది ఎక్కించేయడం. ఆగండి. టైరు లోపల చుట్టూ వేలితో మెల్లగా తడమండి. పెద్ద రోడ్ల అంచుల్లో పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని తీగ ముక్కలు ఉంటాయి, కంటికి కనిపించవు, వేలికి తగులుతాయి. అది తీయకపోతే మైలు దాటకుండానే రెండో ట్యూబూ పోతుంది. కొత్త ట్యూబులో ముందే కొంచెం గాలి కొట్టి గుండ్రంగా అయ్యాక పెడితే మెలిక పడదు. ఎక్కడా టైరు అంచు కింద ట్యూబు నలగలేదని రెండు వైపులా చూసుకుని అప్పుడు పూర్తిగా కొట్టండి. ఇంట్లో అయిదారుసార్లు చేస్తే పదిహేను నిమిషాల పని అవుతుంది. రిపేరు చేతపట్టి నేర్పేవాళ్ళు కావాలంటే సియాటిల్‌లో బైక్ వర్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది.

తిండి విషయం. స్టాపుల్లో అరటిపళ్ళు, కమలాలు, బేగెల్స్, పీనట్ బటర్ లాంటివి దొరుకుతాయి. శాకాహారులకు ఇబ్బంది లేదు, కానీ మీకు పడే తిండి అక్కడ ఉండాలని ఆశించకండి. ఖర్జూరాలు, పల్లీ చిక్కీ జేబులో పెట్టుకోండి. పులిహోర రాత్రికి బాగుంటుంది, మధ్యాహ్నం ఎండలో తొక్కుతూ తింటే కడుపులో మంట. ఒకసారి అరటిపళ్ళు అయిపోయాయని మనవాడొకడు టేబుల్ దగ్గర పదహారేళ్ళ అమ్మాయి మీద గొంతు పెంచాడు. "నేను డబ్బు కట్టాను" అంటాడు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనవాళ్ళందరి తరఫున నేను వెళ్ళి సారీ చెప్పాను.

సాగ్ వ్యాను, అంటే తొక్కలేనివాళ్ళను ఎక్కించుకునే బండి, టాక్సీ కాదు. అలసట అనిపిస్తే నీడన అరగంట కూర్చోండి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగండి. ఛాతీలో నొప్పి, తల తిరగడం, దెబ్బ తగలడం అయితే మొహమాటపడకుండా పిలవండి, అప్పుడు ఓర్చుకోవడం తప్పు. రూటు ఫోన్లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సామాను బ్యాగు మీరు ఒక్క చేత్తో ఎత్తగలిగేంతే ఉండాలి, ఎందుకంటే ఆ రోజు అలాంటివి వందలు ఎత్తేది ఇంకొకరి నడుము.

ఇక థాంక్స్. మన ఇళ్ళలో అన్నం వడ్డించిన అమ్మకు థాంక్స్ చెప్పం. చెబితే "నేను పరాయిదాన్నా" అంటుంది. ఆ అలవాటుతో ఇక్కడా మౌనంగా నీళ్ళు పట్టుకుని వచ్చేస్తాం. మన మనసులో కృతజ్ఞత ఉంటుంది, కానీ ఇక్కడివాళ్ళకు ఆ మౌనం నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. నల్ల కళ్ళజోడు పైకి తీసి, కళ్ళలోకి చూసి చెప్పండి. మలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకు వెళ్తూ వెళ్తూ అయినా గట్టిగా చెప్పండి. టిప్పు ఇవ్వబోకండి, నొచ్చుకుంటారు.

వచ్చే ఏడాది మీరే ఒక పూట వాలంటీరుగా రండి. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాం, చేయొచ్చా అని చాలామంది టెన్షన్ పడతారు. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా జీతం ఇవ్వని పని, ప్రతిఫలం ఏమీ తీసుకోకుండా చేయడానికి సాధారణంగా అడ్డు లేదు. సందేహం ఉంటే కంపెనీ లాయర్‌ని అడగండి. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు మీరు చేసిన గంటలకు లెక్కగట్టి ఆ సంస్థకు విరాళం కూడా పంపుతాయి. పొద్దున్నే కమలాలు కోయడం మొదలుపెడితే పది గంటలకు వేళ్ళు పులుపుకి మండుతాయి. అప్పుడు ఎవరైనా ఆగి ఒక్క మాట చెబితే ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

తమ్ముడూ, ఈ వారం నుంచే మొదలుపెట్టండి. ముందు చక్రం తేలిక, వెనకదానితోనే ప్రాక్టీసు చేయండి. విప్పే ముందు చైన్‌ని అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదికి మార్చుకోండి, తేలిగ్గా బయటికి వస్తుంది. చేతులు నల్లగా అవుతాయి, పాత గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోండి.