చెన్నైలో గది వెతుక్కునే ముందు ఇది చదువు తమ్ముడూ

వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ గది తక్కువ అద్దెకి వస్తోంది, తీసుకోవచ్చా అన్నా అని అడిగావు కదా. వద్దు. మనవైపు లాగా జూన్ జూలైలో కాదు, ఇక్కడ అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అప్పుడు తెలుస్తుంది అద్దె ఎందుకు తక్కువో. ఆ చుట్టుపక్కల నీళ్ళన్నీ పళ్ళికరణై చిత్తడి నేలలోకి పోవాలి, అందులో చాలావరకు కట్టడాలు లేచాయి, ఇంక వీధుల్లోనే నిలబడతాయి.

2015లో నేనూ అలాంటి గదిలోనే ఉండేవాణ్ణి. ఆఫీసు, గది, ఆదివారం ఆంధ్రా మెస్, అంతే. తమిళం రాదని ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు, పై అంతస్తులో ఎవరుంటారో కూడా తెలీదు. డిసెంబర్ 1న చెంబరంబాక్కం జలాశయం నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు, అడయార్ నది పొంగింది, మా వైపు చెరువు నీళ్ళు, కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు, నేను మంచం మీద బల్ల వేసుకుని కూర్చున్నా. ఫైర్ సర్వీస్, ఎన్డీఆర్ఎఫ్ అనే కేంద్ర విపత్తు దళం, ఆర్మీ, వాళ్ళతో పాటు జాలర్లు కూడా పడవలు తెచ్చి ఎంతోమందిని కాపాడారు, కానీ ఏ ఇంట్లో ఎవరు చిక్కుకున్నారో పడవ వాళ్ళకి చెప్పాల్సింది ఆ వీధి వాళ్ళే కదా, నేనొకణ్ణి ఉన్నానని మా వీధిలో ఎవరికి తెలుసు? పై ఇంటి ఆవిడ నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూద్దామని దిగి, నా టార్చి వెలుగు చూసి కేకేసింది, నీళ్ళు తీసేదాకా వాళ్ళింట్లోనే తిండీ నిద్రా.

నంబర్లు చెప్తా, మిగతా రూల్స్ నువ్వే చూసుకో. కార్పొరేషన్‌కి 1913, రిపన్ బిల్డింగ్ పూర్తయిన సంవత్సరం కూడా అదే, గుర్తుంటుంది. మెట్రో వాటర్ 1916, పోలీసులకైనా ఫైర్‌కైనా 112, అంబులెన్స్ 108, ఈబీ, అంటే కరెంటు బోర్డు వాళ్ళ ఫిర్యాదుల కేంద్రం మిన్నగం 94987 94987. వాన ముదిరితే కార్పొరేషన్ మోటార్లు పెట్టి నీళ్ళు తోడుతుంది, ట్రాఫిక్ పోలీసులు సబ్‌వేలు, అంటే వంతెనల కింద బళ్ళు వెళ్ళే దారులు, మూసేస్తారు, బారికేడ్ తప్పించుకుని బైక్ దూర్చకు. నీళ్ళలో కరెంటు పారకూడదని ఈబీ వాళ్ళే సరఫరా ఆపుతారు, దానికి వాళ్ళని తిట్టకు. స్కూళ్ళలో క్యాంపులు తెరుస్తారు, భోజనం పెడతారు. తాంబరంలో దిగితే మాత్రం అది వేరే కార్పొరేషన్, 2021లో ఏర్పడింది.

ఇవన్నీ ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, 2023 మిచౌంగ్ తుపానుకి దగ్గరుండి చూశా. కానీ చెన్నైకి 200 వార్డులు, ఒక్కో వార్డులో ఎన్ని వీధులు, వాళ్ళు మీ వీధి చివరిదాకా వస్తారు, అక్కణ్ణుంచి నీ తలుపుదాకా తీసుకురావాల్సింది పక్కింటివాళ్ళే. మీ వయసు కుర్రాళ్ళు అన్నీ యాప్‌లో ఉన్నాయనుకుంటారు, చార్జింగ్ అయిపోయాక యాప్ ఏం చేస్తుంది? ఒంటరిగా ఉండేవాడి గురించే నా భయమంతా. ఇవాళ వాన మొదలైతే మా వీధివాళ్ళు ముందు నాకే ఫోన్ చేస్తారు, వార్డు ఇంజనీరు నన్ను పేరు పెట్టి పలకరిస్తాడు, ఇదంతా నాకు వచ్చిన అరకొర తమిళంతోనే.

గదిలో దిగిన రోజే వాచ్‌మన్‌కీ, ఎదురింటివాళ్ళకీ నీ పేరు, ఊరు, అమ్మానాన్నల నంబర్ కాగితం మీద రాసిచ్చేయ్, వాళ్ళవీ రాసుకో. తెలుగులోనే మాట్లాడు, అర్థమయ్యేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. గది ఖాయమయ్యాక ఏ వీధో చెప్పు, అటువైపు మనవాళ్ళు ఎవరైనా ఉంటే కలుపుతా.