డాక్యుమెంటేషన్ తెరిస్తే నిద్రొస్తోంది

ప్రశ్న: నాలుగు నెలల్నుంచి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నానండీ. వీడియోలు చూస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, తీరా సొంతంగా రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలదు. డాక్యుమెంటేషన్ (పైథాన్ సైట్లో ఉండే వివరణలు) చదవమంటారందరూ, పది లైన్లకే నిద్రొస్తోంది. తెలిసిన సీనియర్ ఒకాయన ఉన్నారు గానీ మాటిమాటికీ అడిగితే విసుక్కుంటారేమోనని మొహమాటం. ఏం చెయ్యను?
— ఓ పాఠకురాలు

జవాబు: డాక్యుమెంటేషన్‌ని మొదట్నుంచి చివరిదాకా నవల్లా చదివినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదండీ, నేనూ చదవలేదు. పైథాన్ సైట్లో ట్యుటోరియల్ వేరు, లైబ్రరీ రిఫరెన్స్ వేరు, మీకు నిద్ర తెప్పించింది బహుశా రెండోది, అది నిఘంటువు లాంటిది, పని పడ్డప్పుడు తెరుచుకోవడానికే. ముందు ట్యుటోరియల్ పట్టుకోండి, పక్కన ఇంటర్‌ప్రెటర్ (టైప్ చేసిన కోడ్‌ని అప్పటికప్పుడే నడిపి చూపించేది) తెరిచి ప్రతి ముక్కా మీరే టైప్ చేస్తూ, కావాలని చెడగొట్టి చూస్తూ వెళ్ళండి.

కొత్తలో నేనో లిస్టుని సార్ట్ చేసి, వచ్చిందాన్ని మళ్ళీ అదే పేరులో పెట్టుకున్నా, ప్రింట్ చేస్తే 'నన్' (None, అంటే ఏమీ లేదని) వస్తోంది, లిస్టు మాయం! సాయంత్రమంతా తల బద్దలుకొట్టుకుని చివరికి ఇంటర్‌ప్రెటర్లోనే హెల్ప్ అని, బ్రాకెట్లో లిస్ట్ డాట్ సార్ట్ అని ఇస్తే అక్కడే ఉంది, ఉన్న లిస్టునే వరసలో పెడుతుంది, తిరిగిచ్చేది నన్ అని. కొత్త లిస్టు కావాలంటే సార్టెడ్ వాడాలట. ఏ వీడియోలోనూ నేనది గమనించలేదు మరి.

ఇంకోటి, ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేని కోడ్ ఎక్కడైనా కనబడితే అది పైథాన్ 2 నాటిది, దానికి సపోర్ట్ 2020 జనవరి 1తోనే ఆపేశారు, వదిలేయండి.

సీనియర్ సంగతికొస్తే, "సార్ ఎర్రర్ వస్తోంది" అని ఫోన్లో స్క్రీన్ ఫోటో తీసి పంపితే ఎవరికైనా విసుగే. ట్రేస్‌బ్యాక్‌ని, అంటే తప్పొచ్చినప్పుడు పైథాన్ చూపించే ఆ ఎర్రర్ లైన్లని, చివరి లైన్ నుంచి పైకి చదవండి, అసలు తప్పేంటో అక్కడే ఉంటుంది. అప్పటికీ తేలకపోతే తప్పు కనబడేంత వరకే కోడ్‌ని కుదించి, టెక్స్ట్‌గానే పెట్టి, ఏం రావాలనుకున్నారో, ఏం వచ్చిందో, ఏమేం ట్రై చేశారో రాయండి, నాకైతే సగంసార్లు అది రాస్తుండగానే తప్పు దొరికిపోతుంది. ఆన్‌లైన్ కమ్యూనిటీలో ముక్కూమొహం తెలియనివాళ్ళని అడిగినా ఇదే పద్ధతి. ఎవరో ఒకరు డాక్స్ (అదే, డాక్యుమెంటేషన్) చదవలేదా అని కసురుతారు కూడా, ఆ కసురులో లింక్ ఉంటే తీసుకోండి, మిగతాది వదిలేయండి.

ఆ సీనియర్‌ని మాత్రం జవాబులు అడక్కండి. వారానికో అరగంట, మీ ప్రోగ్రామ్ నడుస్తున్నా సరే, ఇదే మీరైతే ఎలా రాసేవారు సార్ అని అడిగి చూడండి, ఈ ప్రశ్నకి విసుక్కునేవాళ్ళు తక్కువ.