ఇంటి ముందు షట్టరు గది, డాబా మీద కొత్త గదులు: మున్సిపాలిటీ నోటీసు వస్తే ఏం చేయాలి?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక మున్సిపాలిటీ. 200 గజాల స్థలంలో పర్మిషన్ తీసుకుని కింద ఒకటి, పైన ఒకటి రెండు పోర్షన్లు కట్టుకున్నాం. ఈమధ్య ఇంటి ముందు వదిలిన ఖాళీలో ప్రహరీ దాకా షట్టరు గది వేసి, అందులో టైలరింగ్ షాపు పెట్టాను. రోడ్డు మీదికి బాగా కనిపించేలా బోర్డు కూడా పెట్టించాం. డాబా మీద ఇంకో రెండు గదుల కోసం పిల్లర్లు లేపుతుంటే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి కొలతలు తీసుకుని షోకాజ్ నోటీసు ఇచ్చారు. మా వీధిలో ఇలాంటి షట్టర్లు చాలానే ఉన్నాయి. ఆస్తిపన్ను ఏటా కడుతున్నాం. సొంత స్థలంలో కట్టుకోవడానికి కూడా మళ్లీ పర్మిషన్ కావాలా? ఉన్నది కూల్చేస్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు డాబా మీద పని ఆపించండి. నోటీసు అందాక కూడా పని సాగితే అధికారుల దగ్గరే కాదు, రేపు హైకోర్టులో కూడా మీ మాట నిలబడదు. పని ఆపినట్టు తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

వెంటనే కూల్చేస్తారేమోనన్న భయం అక్కర్లేదు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి, కట్టడానికి కూడా అతికించాలి, జవాబుకు కనీసం 15 రోజులు ఇవ్వాలి, మీ వాదన విని కారణాలు రాస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు తర్వాత కూడా మరో 15 రోజులు ఆగాలి. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు వంటి ప్రభుత్వ స్థలాల్లో కట్టినవాటికి ఈ రక్షణ లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మీ బోర్డు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

నోటీసుకు జవాబు రాతపూర్వకంగా, గడువులోపే ఇవ్వండి. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆఫీసుకు వెళ్లి నోటితో చెప్పి వచ్చాం అంటే లెక్కలోకి రాదు. సేల్ డీడు, మంజూరైన ప్లాను కాపీలు జత చేయండి. వాళ్లు తీసుకున్న కొలతల్లో తేడా ఉందనిపిస్తే, మీ ఇంజినీరు సమక్షంలో మళ్లీ కొలవమని అదే జవాబులో అడగండి.

ఇక అసలు విషయం. స్థలం మీ సొంతమని చెప్పేది సేల్ డీడు. అందులో ఎక్కడ, ఎంత ఎత్తు కట్టవచ్చో చెప్పేది మంజూరైన ప్లాను. ఆ ప్లానులో లేనిది ఒక్క గదైనా, కొత్తగా పర్మిషన్ తీసుకోవాల్సిందే. ఆస్తిపన్ను రసీదు ఇక్కడ పనికిరాదు. అనుమతి లేని కట్టడానికి కూడా మున్సిపాలిటీ పన్ను వేస్తుంది, పైగా పెనాల్టీతో వేస్తుంది. పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. వీధిలో ఇంకెందరో వేశారన్నది కూడా వాదన కాదు. ఒకరి ఉల్లంఘనను చూపించి నాకూ అదే హక్కు ఇవ్వమంటే, సమానత్వం అంటే అది కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి.

మీ కట్టడాల్లో ఒకటి దక్కవచ్చు, ఒకటి దక్కదు. దక్కనిది షట్టరు గది. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. 2012లో వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, ముందున్న రోడ్డు 12 మీటర్ల లోపుదైతే, రోడ్డు వైపు కనీసం మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. ఈ సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు తేడా వస్తే రుసుము కట్టించుకుని సర్దుబాటు చేసే వీలు ఉంది. అంటే పక్క వైపు మీటరులో పది సెంటీమీటర్లు. కానీ రోడ్డు వైపు బిల్డింగ్ లైనుకు, అంటే కట్టడం దాటకూడని హద్దుకు, ఆ వెసులుబాటు కూడా లేదు. మీరు ముందు ఖాళీ మొత్తం మూసేశారు. అక్రమ కట్టడాలను రుసుముతో క్రమబద్ధీకరించే 2015 నాటి బీఆర్ఎస్ పథకం కూడా మీకు వర్తించదు, అది 2015 అక్టోబరు 28కి ముందు కట్టినవాటికి మాత్రమే. కాబట్టి వాళ్లు కూల్చేదాకా ఆగకుండా మీరే తీయించుకోండి. జేసీబీ వచ్చి తీస్తే పక్క గోడ కూడా దెబ్బతినవచ్చు. మేస్త్రీతో తీయిస్తే షట్టరు, ఇనుము అయినా మిగులుతాయి. జవాబులో కూడా ఇన్ని రోజుల్లో తీసేస్తామని స్పష్టంగా రాస్తే మిగతా విషయాల్లో మీ మాటకు విలువ ఉంటుంది.

డాబా మీద గదులు దక్కవచ్చు. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, పది మీటర్ల లోపు ఎత్తు ఉన్న ఇళ్లకు 2020 నాటి టీఎస్-బీపాస్ (భవన అనుమతుల) చట్టం ప్రకారం స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది. రెండో అంతస్తు వేసినా మొత్తం ఎత్తు పది మీటర్లు దాటకుండా చూసుకోండి. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటి ఉంది, మీరు మాత్రం చేయకండి. ముందు షట్టరు ఉండగానే, ప్లానులో మాత్రం ఖాళీ చూపించి సంతకం పెడతారు. అది తప్పుడు ధ్రువీకరణ. అనుమతి రద్దవుతుంది, సంతకం పెట్టిన ఇంజినీరు లైసెన్సుకూ ముప్పే. ముందు షట్టరు తీయండి, తర్వాతే దరఖాస్తు. పునాదులు ఇంకో అంతస్తు మోయగలవో లేదో కూడా స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించుకోండి. మేస్త్రీ అంచనాతో అంతస్తు లేపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

షాపు సంగతి. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మరో తీర్పులో అక్రమ కట్టడాల్లో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వకూడదని చెప్పింది. అంటే ఆ షట్టరు గది ఉన్నంతకాలం మీకు ట్రేడ్ లైసెన్సు రాదు. మరి టైలరింగ్ మానేయాలా? అక్కర్లేదు. కింది పోర్షన్‌లో ముందు గదిని షాపుకు వాడుకునే ఆలోచన చేయండి. నివాస జోన్‌లో ఇంటివాళ్లు చేసుకునే చిన్న వృత్తులకు సాధారణంగా చోటు ఉంటుంది. మీ వీధి మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో, అందులో ఎంత విస్తీర్ణం దాకా అనుమతిస్తారో టౌన్ ప్లానింగ్ ఆఫీసులో అడిగి రాయించుకోండి. పది మిషన్లు పెట్టి పనివాళ్లతో నడిపితే మాత్రం అది ఇంటి వృత్తి అనిపించుకోదు.

బోర్డు మీ గోడకు ఆనుకుని, మీ హద్దులోపలే ఉండాలి. రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన భాగం మున్సిపాలిటీ స్థలంలో ఉన్నట్టే. పైన చెప్పిన 15 రోజుల రక్షణ దానికి దొరకదు, కాబట్టి దాన్ని ముందు దించేయండి. దానిమీద ఏం రాసి ఉందన్నది కూడా ముఖ్యమే. మీ షాపు పేరు, మీరు చేసే పని మాత్రమే ఉంటే అది నేమ్ బోర్డు. దారం కంపెనీవాళ్లో మిషన్ల కంపెనీవాళ్లో ఉచితంగా చేయించి ఇచ్చి, వాళ్ల బ్రాండు పెద్దగా, మీ పేరు మూలన చిన్నగా వేస్తే దాన్ని ప్రకటన కింద లెక్కగట్టి అనుమతి, ఫీజు అడుగుతారు. ఆ ఫీజు నోటీసు కంపెనీకి కాదు, మీకే వస్తుంది. షాపుల చట్టం నిబంధనల ప్రకారం పేరు తెలుగులో, ప్రముఖంగా ఉండాలి. డాబా మీద ఫ్రేము కట్టి ఫ్లెక్సీ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

చివరగా కరెంటు మీటరు. ఇంటి మీటరు మీద షాపు నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం. రెట్టింపు రేటు వేస్తారు, ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే 12 నెలలకు లెక్కగడతారు. షాపును లోపలి గదిలోకి మార్చాక వ్యాపార కేటగిరీలో వేరే మీటరుకు దరఖాస్తు పెట్టుకోండి.