బతికున్నవాళ్ల జాబితా రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అంది పది రోజులైంది. వచ్చిన రోజే చదవడం మొదలుపెట్టి తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను. ‘ప్రస్తుతం కోల్‌కతా దగ్గర విశ్రాంతి తీసుకుంటున్న మన సికింద్రాబాద్ ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం’ అని రాశావు. బలరాం గారు 2023 ఫిబ్రవరి 16న పోయారు. నీ వ్యాసం పేరేమో ‘బతికి ఉన్న రిటైర్డ్ ఆటగాళ్లలో అత్యుత్తములు’.

చాలా కోపం వచ్చింది. కాగితాలు మడిచి బీరువా మీద పెట్టేశాను. రాత్రి భోంచేశాక మళ్లీ తీశాను. ఇరవై మూడేళ్ల కుర్రాడికి బలరాం పేరు ఎలా తెలిసిందా అన్న ఆలోచన నన్ను వదల్లేదు. నేను ముప్పై ఏళ్లు కూర్చున్న స్పోర్ట్స్ డెస్కుల్లో సగం మందికి ఆ పేరు తెలియదు. ఆ ఒక్క పేరు కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ తెలుగు శుభ్రంగా ఉంది, చదివిస్తుంది. ఇక అసలు విషయానికి వస్తాను.

ఆ తప్పు ఎలా జరిగిందో నాకు తెలుసు. ఎప్పుడో రాసిన వ్యాసంలోని వాక్యాన్ని తెచ్చి ఉన్నదున్నట్టు పెట్టేశావు. ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవరినీ అడగలేదు. నీ వ్యాసంలో నాకు నచ్చనిదంతా ఇందులోనే ఉంది. ‘బతికి ఉన్న’ అన్న మాటని నువ్వు జల్లెడలా వాడుకున్నావు. పెలే పోయాడు, మారడోనా పోయాడు, అలీ పోయాడు, కాబట్టి మిగిలినవాళ్లలో ఏరుకుందాం అనుకున్నావు. ఆ మాటకి నాకు తెలిసిన అర్థం వేరు. బతికి ఉన్నారంటే వెళ్లి అడగొచ్చు. వాళ్లని అడగలేకపోతే వాళ్లతో ఆడినవాళ్లని అడగొచ్చు. చనిపోయినవాళ్ల జాబితా లైబ్రరీలో కూర్చుని రాసుకోవచ్చు. బతికున్నవాళ్ల జాబితా కుర్చీలోంచి లేవకుండా రాయకూడదు. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, వినేవాళ్లు తగ్గిపోయారు. నువ్వైనా విను.

బలరాం గారి దగ్గరికి నేనూ వెళ్లలేదు. 2004లో వేరే పని మీద కోల్‌కతా వెళ్లి నాలుగు రోజులున్నాను. హౌరాలో లోకల్ ఎక్కితే ఆయన ఉండే ఉత్తర్‌పారా అరగంట కూడా పట్టదు. రేపు వెళ్దాంలే అనుకుంటూ నాలుగు రోజులూ గడిపేసి రైలెక్కేశాను. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనవాళ్లు 1-2తో ఓడిన మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్ ఆయనదే. పెరూ మీద కొట్టిన గోల్ కూడా ఆయనదే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురూ ముందు వరసలో ఆడారు. మరుసటేడే ఆరోగ్యం చెడి ఆయన ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. తోటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఈయనకి చివరిదాకా రాలేదు. ఇదంతా కాగితాల్లో దొరుకుతుంది. హంగరీ వాళ్ల మీద ఆ బంతి కాలికి వచ్చిన క్షణంలో ఆయనకి ముందు ఏం కనిపించింది? అది అడగాలని ఎన్నేళ్లో అనుకున్నాను. పీకే, చునీ ఇద్దరూ 2020లోనే పోయారు. ఇప్పుడు నేను ఎవరిని అడగను?

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో క్లబ్ ఫుట్‌బాల్ ఆడిన ఒక పెద్దాయన దగ్గరికి మాత్రం వెళ్లగలిగాను. పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండేది కాదు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. 1962 జట్టు కోచ్ రహీం సాబ్ ఎలా నేర్పేవారని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు, మనవడి చేతిలో ఉన్న టెన్నిస్ బంతి ఇమ్మన్నారు. చెప్పులు పక్కకి విడిచి, గోడకి కొట్టి, తిరిగొచ్చిన బంతిని ఎడమ పాదం లోపలి వైపుతో ఆపారు. అది పాదానికి అంటుకున్నట్టు ఆగిపోయింది. ‘కుడికాలు వాడితే మ్యాచ్‌లో లేనట్టే లెక్క’ అన్నారు. వారానికోసారి ఎడమ కాలితోనే ఆడించేవారట. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, మోకాలు వంచలేని మనిషి, ఆ ఒక్క పని పదిహేను సార్లు చేసి చూపించారు. పదిహేనుసార్లూ బంతి అక్కడే ఆగింది. నేను రాసిన మూడు వందల వ్యాసాల్లో ఈ రోజుకీ ఎవరైనా గుర్తుచేసేది ఆ పేరా ఒక్కటే.

ఇప్పుడు నీ పాయింట్ల పట్టిక గురించి. టైటిల్‌కి 5, ప్రపంచ రికార్డుకి 3, ఒలింపిక్ బంగారానికి 4. టెన్నిస్‌లో ఫెదరర్‌ని నిలబెట్టావు. ఆయన 20 గ్రాండ్‌స్లామ్‌లు నీ పట్టికలో పెద్ద అంకె తెచ్చాయి. రాడ్ లేవర్ 11 దగ్గరే ఆగిపోయాడు కాబట్టి ఏడో స్థానం. 1962లో ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచి లేవర్ డబ్బుకి ఆడే ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ రోజుల్లో ప్రొఫెషనల్స్‌ని ఆ టోర్నీలకి రానిచ్చేవారు కాదు. 1963 నుంచి 1967 దాకా ఐదేళ్లు, అంటే ఇరవై గ్రాండ్‌స్లామ్‌లు, గేటు బయటే ఉండిపోయాడు. తలుపులు తెరిచాక 1969లో మళ్లీ నాలుగూ గెలిచాడు. ఆ ఐదేళ్లకి నీ పట్టికలో సున్నా పడింది. 2022 సెప్టెంబర్‌లో లండన్‌లో ఫెదరర్ తన చివరి మ్యాచ్ ఆడిన పోటీ పేరు లేవర్ కప్. ఆ పోటీ పుట్టడానికి, దానికి ఆ పేరు పెట్టడానికి ముఖ్య కారణం ఫెదరరే. నీ మొదటి స్థానం మనిషి నీ ఏడో స్థానం మనిషికి నమస్కారం పెట్టాడు, నువ్వు చూడలేదు.

ఆడిన లెక్క ఒక్కటే చూడకు. ఆడనివ్వని లెక్క కూడా వెయ్యి. టెండూల్కర్ 200 టెస్టులు ఆడారు. మిథాలీ రాజ్ 1999 నుంచి 2022 దాకా ఇరవై మూడేళ్లు ఆడితే ఆమెకి దక్కిన టెస్టులు 12. పన్నెండే! 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214 కొట్టిన మనిషికి పన్నెండు. రిజర్వేషన్ లేకుండా రైల్లో వెళ్లి మ్యాచ్‌లు ఆడిన రోజుల గురించి ఆమే చెప్పారు. నీ పదిమందిలో ఆడవాళ్లు సెరెనా ఒక్కరే ఉన్నారు. ఎందుకని అడిగితే పాయింట్లు రాలేదంటావు. పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయి, మ్యాచ్‌లు పెడితే కదా.

‘ప్రధాన క్రీడలు’ అంటూ వెయిట్‌లిఫ్టింగ్‌ని పక్కన పెట్టేశావు. ఇది చదివాక ఆ రోజు నేను మళ్లీ పేజీ తిప్పలేకపోయాను. ఏది ప్రధానమో నీకు ఎవరు చెప్పారు? అమెరికాలో చేసిన ఏదో జాబితాని ముందు పెట్టుకుని బేస్‌బాల్, ఐస్ హాకీ ఉంచావు, నీ పక్క జిల్లా ఆట తీసేశావు. 1994లో కరణం మల్లీశ్వరి ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు నేను ఒక దినపత్రికలో ఉన్నాను. రాత్రంతా కూర్చుని నాలుగు వందల మాటలు రాశాను. తెల్లారి చూస్తే సింగిల్ కాలమ్‌లో ఆరు లైన్లు. మిగతా పేజీ అంతా క్రికెట్. ఎడిటర్ దగ్గరికి వెళ్లి అడిగితే ‘ఆడపిల్ల బరువులెత్తితే ఎవరు చదువుతారయ్యా’ అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత నీ వ్యాసంలో అదే మాట వేరే రూపంలో కనబడింది. ఇప్పుడు దాని పేరు ‘ప్రధాన క్రీడ’ అయింది, అంతే తేడా.

ఆమె ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది 1994లో, 1995లో, 54 కిలోల విభాగంలో. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగే లేదు. 2000లో సిడ్నీలో మొదటిసారి పెట్టారు. అప్పటికి ఆమె 69 కిలోల విభాగంలోకి మారింది. ఒకే ఊపులో తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు దఫాలుగా ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. 130 కిలోలంటే ఏమిటో ఒకసారి ఊహించు. 25 కిలోల బియ్యం బస్తాలు ఐదు, పైన ఇంకో ఐదు కిలోలు. దాన్ని నేల మీంచి భుజాల దాకా లాగి, అక్కడి నుంచి తల మీదికి ఎత్తి, జడ్జీల ఎర్రలైటు పడకుండా కదలకుండా నిలబడాలి. ఆ తర్వాత చివరి ప్రయత్నంగా 137.5 కిలోలు పెట్టించారు. అది తప్పింది. అది లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది. ఆ రోజు బంగారానికి సరిపోయింది 242.5. బార్ మీద ఒకేసారి అంత పెంచాలన్న నిర్ణయం వెనక ఏం జరిగింది, వెనక గదిలో ఎవరు ఏమన్నారు, చేతులకి పొడి రాసుకుంటూ ఆమె ఏం అనుకుంది? ఆమె ఉన్నారు, అడగొచ్చు. నీ పట్టికలో ‘కాంస్యం: 1 పాయింట్’ అని వేసి ఊరుకున్నావు.

ఐస్ హాకీ ఆటగాడు గ్రెట్జ్‌కీ గురించి రాసిన పేరా కూడా నీది కాదు. ఒక్క ఐస్ హాకీ మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా చూశావా? 894 గోల్స్ అని రాసి సరిపెట్టావు. ఆయన తోటివాళ్లకి అందించిన అసిస్ట్‌లే 1,963. ఇంకెవరి గోల్స్, అసిస్ట్‌లు కలిపినా అంత లేవు. అంకె రాయాలనుకుంటే అలాంటిది పట్టుకోవాలి, అందులో మనిషి కనిపిస్తాడు. మీ బావగారు టొరంటోలో ఉంటారని రాశావు కదా. ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్లినప్పుడు పక్క సీటులో అరవై ఏళ్ల ముసలాయన ఎవరైనా కూర్చుంటే గ్రెట్జ్‌కీని చూశారా అని అడగమను. నీ రెండు పేజీల కంటే ఆయన చెప్పే రెండు మాటలకి విలువెక్కువ.

పరుగులో బోల్ట్‌ని తీసెయ్యమని నేను అనను. 100 మీటర్లలో ఆయన 9.58 సెకన్లని 2009 నుంచి ఎవరూ దాటలేదు. నన్నడిగితే ఆయన పక్కన ఎడ్విన్ మోసెస్‌ని కూర్చోబెడతాను. 400 మీటర్ల హర్డిల్స్‌లో 1977 నుంచి 1987 దాకా వరసగా 122 రేసులు ఓడలేదు. హర్డిల్‌కి హర్డిల్‌కి మధ్య 35 మీటర్లు ఉంటుంది. మిగతావాళ్లు 14, 15 అంగలు వేస్తుంటే ఆయన మొదటి నుంచి చివరిదాకా 13 అంగల్లోనే దాటేవాడు. 1984 లాస్ ఏంజెలెస్‌లో ఆయన బంగారం గెలిచిన ట్రాక్ మీదే, ఆడవాళ్ల 400 హర్డిల్స్‌లో మన పీటీ ఉష సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. ఆమెకి 55.42, మూడో స్థానానికి 55.41. ఆ రేసు తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అక్కడి తిండి సరిపడక గంజి, పచ్చడితో నెట్టుకొచ్చానని చాలా ఏళ్ల తర్వాత ఆమే చెప్పారు. చివరి 35 మీటర్లలో ఒంట్లో శక్తి లేకపోయిందన్నారు. ఎవరో వెళ్లి అడిగారు కాబట్టి మనకి ఆ గంజి సంగతి తెలిసింది. నాలుగో స్థానానికి నీ పట్టికలో గడే లేదు.

‘గోట్’, అంటే అన్ని కాలాల్లోకీ గొప్పవాడు, అన్న మాట వ్యాసంలో పదకొండుసార్లు వాడావు. అన్నీ తీసెయ్. ఇప్పుడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు రెండు సెంచరీలు కొట్టినా అదే మాట, ఇరవై ఏళ్లు ఆడినవాడికీ అదే మాట. ఆ మాట వేశాక ఇక ఆ ఆటగాడి గురించి ఏమీ చెప్పనక్కర్లేదని రాసేవాడికి అనిపిస్తుంది. నీకూ అలాగే అనిపించింది, అందుకే ఆ మాట వచ్చిన ప్రతిచోటా పేరా అక్కడితో ఆగిపోయింది.

పుస్తకంగా వేసుకోవచ్చా, ఏ పత్రికకి పంపాలి అని కూడా అడిగావు. గవాస్కరా టెండూల్కరా అన్న ప్రశ్నకి రెండు పేజీలు పెట్టావు. అవి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ముందు ఒక పని చెయ్యి. నువ్వుండేది విజయనగరం. పొద్దున్నే రైలెక్కి శ్రీకాకుళం రోడ్‌లో దిగు. ఆమదాలవలస స్టేషన్ అదే. ఊసవానిపేట అక్కడికి దగ్గరే. మల్లీశ్వరి మొదట బరువులెత్తింది ఆ ఊళ్లోనే. ఆమె ఇప్పుడు అక్కడ ఉండరు. ఆమెతో పాటు ఎత్తిన ఆడపిల్లలు ఇప్పుడు యాభై దాటినవాళ్లు, వాళ్లలో ఎవరో ఒకరు దొరుకుతారు. అరుగు మీద కూర్చో. పెన్ను జేబులోనే ఉంచు, వాళ్లు టీ ఇస్తే తాగు. ఇంట్లోవాళ్లు ఏమన్నారు, ఊళ్లోవాళ్లు ఏమన్నారు, మొదటి రోజు బార్ ఎత్తినప్పుడు అరచేయి ఎక్కడ చీరుకుపోయింది, అది అడుగు. వచ్చాక నీ పదిమందిలో ఎవరు ఉండాలో మళ్లీ రాసి పంపు.

కాగితాలు తిరిగి పంపుతున్నాను. బలరాం గారి పేరు కొట్టెయ్యలేదు. తొమ్మిదో పేజీ అంచున పెన్సిల్‌తో తేదీ వేశాను.