వికీ, కేజోలను పక్కనే ఉన్న సముద్రంలోకి ఎందుకు వదలలేరు

మీ ప్రశ్న ఇది: ఫ్రాన్స్‌లోని ఆంటీబ్ పట్టణంలో మెరైన్‌లాండ్ అనే సముద్ర జంతువుల పార్కు మూతపడింది కదా, అక్కడ మిగిలిన రెండు ఓర్కాలను (కిల్లర్ వేల్స్), అంటే వికీని, దాని కొడుకు కేజోను, రైలు పట్టాలు దాటగానే వచ్చే సముద్రంలోకి వదిలేయకుండా, ఇంకో పార్కుకు పంపాలా, వల కట్టిన అఖాతానికి పంపాలా అని ఇంత వాదన దేనికి, పోనీ, వయసులో చిన్నదైన కేజోనైనా వదలవచ్చు కదా అని అడిగారు. నేను 2013 నుంచి 2022 వరకు పక్కనే ఉన్న సోఫియా ఆంటిపోలిస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. మా ఇల్లు బియో రైల్వే స్టేషన్‌కు దగ్గర. స్టేషన్‌కు ఒక వైపు మధ్యధరా సముద్రం, మరో వైపు ఆ పార్కు ఉండేవి. అందువల్ల మీకు వచ్చిన ఆలోచన నాకూ చాలాకాలం ఉండేది. అది ఎందుకు సరికాదో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

2014 వేసవిలో మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు వారిని తీసుకుని మొదటిసారి ఆ పార్కుకు వెళ్లాను. అప్పుడు అక్కడ ఆరు ఓర్కాలు ఉండేవి: ఫ్రేయా, వాలెంటిన్, ఇనూక్, వికీ, మోవానా, ఇంకా ఏడాది కూడా నిండని కేజో. ఆ పిల్ల తల్లి వికీ పక్కనుంచి ఒక్క క్షణం కూడా కదలకుండా, ఆమె ఊపిరి పీల్చుకోవడానికి పైకి వస్తే తానూ పైకి వస్తూ, మునిగితే తానూ మునుగుతూ ఈదడం చూసి మా అమ్మ ప్రదర్శన అయిపోయాక కూడా చాలాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయింది. గోదావరిలో పడవకు ఎదురుగా లేచే చేపను చూసినా సంబరపడే మనిషి ఆవిడ. ఆ రోజు నాకు కూడా ఆనందమే తప్ప మరో ఆలోచన రాలేదని నిజాయితీగా చెప్పాలి.

ఆ ఆరింటిలో ఫ్రేయా 2015 జూన్‌లో చనిపోయింది. అదే ఏడాది అక్టోబరు మొదట్లో ఆ తీరప్రాంతాన్ని పెద్ద వరద ముంచెత్తింది, పార్కులోకి బురదనీరు చేరింది, ఆ నెలలోనే ఫ్రేయా కొడుకు వాలెంటిన్ కూడా చనిపోయింది. 2023 అక్టోబరులో మోవానా, 2024 మార్చిలో ఇనూక్ పోయాయి. 2025 జనవరి 5న పార్కు గేట్లు సందర్శకులకు శాశ్వతంగా మూసేనాటికి 23 ఏళ్ల వికీ, 11 ఏళ్ల కేజో మాత్రమే మిగిలాయి. మూతపడటానికి కారణం 2021 నవంబరులో ఫ్రాన్స్ చేసిన చట్టం. డాల్ఫిన్లు, తిమింగలాల ప్రదర్శనలను 2026 డిసెంబరు నుంచి అది నిషేధించింది.

ఇక అసలు విషయానికి వస్తాను. వికీ 2001లో, కేజో 2013లో ఆ కొలనులోనే పుట్టాయి. వాటిని సముద్రంలోకి "తిరిగి" పంపడం అనే మాటే పొసగదు, ఎందుకంటే అవి ఎప్పుడూ సముద్రంలో లేవు. వాటి పూర్వీకులను పట్టుకొచ్చింది ఐస్‌లాండ్ సముద్రం నుంచి. మధ్యధరాలో వాటికి చుట్టాలు లేరు. ఆ చుట్టుపక్కల ఉన్నవల్లా జిబ్రాల్టర్ జలసంధి దగ్గర ట్యూనా చేపలను వేటాడే కొద్దిపాటి గుంపులే, అవి కూడా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవి. ఓర్కా ఒంటరిగా బతికే జంతువు కాదు. ప్రతి గుంపుకూ తనదైన కేకల తీరు, దాదాపు మన యాసలాంటిది ఉంటుంది. ఏ చేపను ఎలా తరమాలో, ఏ కాలంలో ఎక్కడికి పోవాలో పిల్లలు తల్లుల దగ్గరా అమ్మమ్మల దగ్గరా ఏళ్లకు ఏళ్లు నేర్చుకుంటాయి. వికీకి ఆ చదువు లేదు. దానికి ఉన్న చదువు ఎలాంటిదంటే, 2018లో వెలువడిన ఒక పరిశోధనలో అది కొలను గట్టు మీదున్న శిక్షకురాలిని అనుకరిస్తూ "హలో" అనే మాటను, ఒకటి నుంచి మూడు వరకు అంకెలను తన గాలి రంధ్రంతో పలికింది. ఆ రికార్డింగు వింటే దాని తెలివికి ముచ్చటేస్తుంది. తన జాతివారి భాష వినవలసిన జీవి మన మాటలను వల్లెవేస్తోందన్న దిగులు కూడా కలుగుతుంది.

వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు ఉన్నాయి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది కేకో. 1979లో ఐస్‌లాండ్ దగ్గర రెండేళ్ల వయసులో దాన్ని పట్టుకున్నారు. కెనడా మీదుగా మెక్సికో నగరానికి చేరి, డాల్ఫిన్ల కోసం కట్టిన గోరువెచ్చని కొలనులో చర్మవ్యాధితో పదేళ్లు గడిపింది. 1993లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో నటించాక దాన్ని విడిపించాలని లక్షలాది పిల్లలు ఉత్తరాలు రాశారు. 1996లో అమెరికాలోని ఓరెగాన్‌కు, 1998లో సైనిక విమానంలో ఐస్‌లాండ్‌లోని క్లెట్స్‌విక్ అఖాతానికి తరలించారు. అక్కడ వల లోపల ఉంచి, పడవ వెంట బయటి సముద్రంలోకి తీసుకువెళ్లి మళ్లీ తీసుకువస్తూ ఏళ్ల తరబడి అలవాటు చేశారు. 2002 వేసవిలో అది తనంతట తానుగా సముద్రం దాటి నార్వే చేరింది, దారిలో బహుశా వేటాడి తిన్నది కూడా. అయితే నార్వేలో అది వెతుక్కుంటూ వెళ్లింది ఓర్కాల గుంపును కాదు, మనుషులను. ఒడ్డున ఉన్న పిల్లల దగ్గరకు, పడవల దగ్గరకు పోయింది. 2003 డిసెంబరులో న్యుమోనియాతో చనిపోయింది. దాని మీద రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. దీన్ని వైఫల్యమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను, ఎందుకంటే మెక్సికోలో ఉండి ఉంటే దానికి ఆ ఐదేళ్ల సముద్రం దక్కేది కాదు. కానీ సముద్రంలో పుట్టిన కేకోకే ఏ గుంపులోనూ చోటు దొరకలేదన్న సంగతిని పక్కనపెట్టి వికీ గురించి మాట్లాడలేము.

రెండో ఉదాహరణ స్ప్రింగర్ అనే రెండేళ్ల ఓర్కా పిల్ల. 2002లో అమెరికాలోని సియాటెల్ దగ్గర తల్లి లేకుండా, జబ్బుగా, ఒంటరిగా కనిపించింది. దాన్ని పట్టుకుని కొద్ది వారాలు వైద్యం చేసి, ఆ వేసవిలోనే కెనడా తీరంలో దాని బంధువులు తిరిగే నీళ్లలో వదిలారు. గుంపు దాన్ని కలుపుకుంది. తర్వాత అది తల్లి కూడా అయింది. ఇక్కడ తేడా చేసింది డబ్బు కాదు. స్ప్రింగర్‌కు భాష వచ్చు, బంధువులు ఎవరో తెలుసు, మనుషుల చేతి తిండికి అలవాటుపడేంత కాలం గడవలేదు. ఈ మూడింటిలో ఒక్కటీ వికీకి గానీ కేజోకు గానీ లేదు.

ఈ విషయం నాకు అర్థమయ్యేలా చేసింది పుస్తకాలు కాదు, మా అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ. ఆవిడ చాలా ఏళ్లు జలచరాలకు తిండి సిద్ధం చేసే గదిలో పనిచేసి రిటైరయ్యారు. 2021లో ప్రదర్శనలను నిషేధించాలనే వినతిపత్రం మీద నేను సంతకం పెట్టి, ఉత్సాహంగా ఆవిడ దగ్గరకూ తీసుకువెళ్లాను. ఆవిడ కోప్పడలేదు. కాఫీ ఇచ్చి, ఒక్కో ఓర్కాకు రోజుకు పదుల కిలోల చేపలు పెట్టాలని, తెల్లవారుజామునే గడ్డకట్టిన హెర్రింగ్, మాకెరెల్ చేపలను కరిగించి తూచి, విటమిన్ మాత్రలను మొప్పల్లో దాచి బకెట్లలో సర్దేవారమని చెప్పారు. నిల్వ చేపల్లో నీరు తగ్గుతుంది కాబట్టి, తిండి ద్వారానే నీరు పొందే ఆ జంతువులకు జెలటిన్ ముద్దలు కూడా పెట్టాలట. రక్తం తీయడానికి తోకను గట్టు మీద పెట్టడం, పళ్లు చూపించడానికి నోరు తెరిచి ఉంచడం వంటివి నమ్మకం కుదిరిన మనిషి అడిగితేనే చేస్తాయని, కొత్తవారికి అవి లొంగడానికి నెలలు పడుతుందని వివరించారు. ఆ తర్వాత నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: వాటిని ఆడించకూడదని ఈ కాగితంలో ఉంది, మరి అవి ఎక్కడ ఉండాలో ఎక్కడ రాసి ఉంది? నేను కాగితాన్ని రెండుసార్లు చదివాను. అందులో లేదు. నా సంతకాన్ని నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను, ప్రదర్శనలు ఆగిపోవలసినవే. అయినా ఆ ప్రశ్నకు ఆ రోజే జవాబు వెతకనందుకు నాకు బాధగానే ఉంది.

ఆ తర్వాత జరిగిన వాదనంతా ఆ ప్రశ్న చుట్టూనే. ముందు వచ్చిన ప్రతిపాదన జపాన్‌లోని కోబె నగరంలో కొత్తగా తెరిచిన పార్కు. దూరం మాట అటుంచితే, అక్కడా ప్రదర్శనలే. దానికి ఫ్రాన్స్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. తర్వాత స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలోని లోరో పార్కు. వాతావరణం అలవాటైనదే, ఓర్కాలు ఉన్నాయి, అనుభవమున్న సిబ్బందీ ఉన్నారు. అయితే 2021 మార్చి నుంచి 2024 నవంబరు లోపల అక్కడ నాలుగు ఓర్కాలు చనిపోయాయి. కొలనుల వైశాల్యం, పరిమాణం, లోతు సరిపోవని చెప్పి 2025 ఏప్రిల్‌లో స్పెయిన్ అధికారులే ఆ తరలింపును తిరస్కరించారు. మూడోది కెనడాలోని నోవా స్కోషియాలో పోర్ట్ హిల్‌ఫర్డ్ అఖాతానికి వల కట్టి సుమారు 40 హెక్టార్ల సముద్రపు నీటిలో శాంక్చువరీ ఏర్పాటు చేయాలన్న వేల్ శాంక్చువరీ ప్రాజెక్ట్ అనే సంస్థ ప్రతిపాదన. అక్కడ ప్రదర్శనలు ఉండవు, పిల్లలను పుట్టించరు, తిండీ వైద్యమూ మనుషులే చూస్తారు.

శాంక్చువరీ మీద వచ్చే అభ్యంతరాలు ఉత్తుత్తివి కావు. మధ్యధరా ఎండకు అలవాటైన జంతువులను ఉత్తర అట్లాంటిక్ చలికి పంపడం, శుద్ధిచేసిన నీటిలో పెరిగినవాటికి సముద్రపు క్రిములు సోకడం, తుఫానులకు వల తెగడం, దశాబ్దాల పాటు ఖర్చు భరించేవారు కావలసి రావడం, ఇవన్నీ ఉన్న చిక్కులే. ఐస్‌లాండ్‌లో కేకో ఉన్న అదే క్లెట్స్‌విక్ అఖాతానికి 2019లో షాంఘై నుంచి తెచ్చిన లిటిల్ గ్రే, లిటిల్ వైట్ అనే బెలూగా తిమింగలాలను కొంతకాలం నీటిలో ఉంచి మళ్లీ లోపలి కొలనుకు తీసుకురావలసి వచ్చింది. అయినా నేను శాంక్చువరీ వైపే ఉంటాను. చలి విషయంలో ఓర్కా ఒళ్లు ఐస్‌లాండ్ నీటికి తయారైనదే. అంతకంటే పెద్ద కారణం, ఇంకో పార్కుకు పంపితే అవి మళ్లీ సంతానోత్పత్తికి, టిక్కెట్ల అమ్మకానికి పనికివచ్చే ఆస్తిగానే ఉంటాయి. వాటి తర్వాత పుట్టే పిల్లల విషయంలో ఇదే ప్రశ్న ఇంకో ముప్ఫై ఏళ్లకు మళ్లీ ఎవరో అడగవలసి వస్తుంది. పై అంతస్తు పెద్దావిడ చెప్పినదాని వల్ల నాకు ఏర్పడిన ఒక అభిప్రాయాన్ని కూడా ఇక్కడ చేరుస్తాను: తరలించవలసింది జంతువులను మాత్రమే కాదు, వాటికి పేరుపేరునా తెలిసిన ఇద్దరు ముగ్గురు మనుషులను కూడా, కనీసం మొదటి ఏడాదికి. పార్కు మూతపడితే ఆ మనుషుల ఉద్యోగాలే మొదట పోతాయి.

పునరావాసం అనే మాట మన ఊళ్లలో ప్రాజెక్టుల నిర్వాసితుల దగ్గర తరచుగా వినబడుతుంది. కాలనీ కట్టకముందే ఊరు ఖాళీ చేయించడం ఎంత అన్యాయమో గోదావరి ముంపు గ్రామాలవారిని అడిగితే చెబుతారు. ఆంటీబ్‌లో జరిగింది కూడా అదే వరుస. చట్టం వచ్చింది, ఐదేళ్ల గడువు వచ్చింది, గేట్లు మూసేశారు, వెళ్లవలసిన చోటు మాత్రం సిద్ధం కాలేదు. 2025లో డ్రోన్‌తో తీసిన దృశ్యాల్లో, సందర్శకులు లేని ఆ పార్కులో నాచు పట్టిన కొలనుల్లో వికీ, కేజో తిరుగుతుండటం ప్రపంచమంతా చూసింది. ఆలస్యం ఎంత దూరం తీసుకుపోతుందో టోకిటే కథ చెబుతుంది. 1970లో అమెరికా వాయవ్య తీరంలోని పెన్ కోవ్‌లో పట్టుబడి, మయామీలో లోలిటా పేరుతో యాభై ఏళ్లకు పైగా ఒకే కొలనులో ఉన్న ఆ ఓర్కాను పుట్టిన నీళ్లకు పంపుతామని 2023 మార్చి చివర ప్రకటించారు. ఆగస్టులో అది చనిపోయింది. దాన్ని తమ బంధువుగా భావించిన, ఆ తీరపు ఆదివాసులైన లమ్మీ ప్రజల దగ్గరకు చేరింది దాని చితాభస్మమే.

మన దేశం గురించి ఒక్క మాట. 1990ల చివర చెన్నై దగ్గర ఒక పార్కుకు విదేశాల నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలల్లోనే చనిపోయాయి. 2013లో కేంద్ర ప్రభుత్వం డాల్ఫిన్ ప్రదర్శన కేంద్రాలకు అనుమతి ఇవ్వకూడదని నిర్ణయించింది. తెచ్చిపెట్టుకోలేదు కాబట్టి ఎక్కడికి పంపాలన్న చిక్కు మనకు రాలేదు.

ఇక కేజో ఒక్కదాన్నైనా వదలవచ్చా అన్న మీ చివరి ప్రశ్న. పసిఫిక్ తీరంలో దశాబ్దాలుగా పరిశీలిస్తున్న కొన్ని ఓర్కా గుంపుల్లో మగవి పెరిగి పెద్దవైనా తల్లిని విడిచిపోవు; తల్లి చనిపోతే, ముప్ఫై ఏళ్లు దాటిన కొడుకులు కూడా ఆ తర్వాతి ఏడాదిలోనే చనిపోయే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుందని ఆ పరిశోధకులు గుర్తించారు. కేజోకు వికీ తప్ప మరో ఓర్కా మిగలలేదు. 2014లో నేను చూసిననాడు అది తల్లి ఊపిరిని బట్టి ఊపిరి పీల్చుకునే పసిది. ఇప్పుడు ఎక్కడికి పంపినా, ఏ దేశం ఒప్పుకున్నా, ఆ రెండూ ఒకే విమానంలో వెళ్లి ఒకే నీటిలో దిగాలి.